వియ్యపురాలి ఇరవై రూపాయలు

2018 నవంబరు 10, శనివారం

రాయి గ్రేసూ. ముందు నా పేరు రాయి. బోని పైడమ్మ. మా ఆయన అప్పలస్వామి, రైల్వే వేగన్ రిపేర్ షాపులో ఫిట్టరు, పోయి పదకొండేళ్ళు. పుట్టింది విజయనగరం అవతల. యాభై రెండేళ్ళ నుంచి రాయపూరే. వయసు డెబ్భై మూడు. పింఛను కాగితంలో డెబ్భై ఆరని ఉంటుంది, అది గుమస్తా తప్పు.

ఇది ఎవరికీ చూపించడానికి కాదు. నా మనసులో మాట నా కోసం రాయించుకుంటున్నాను. అవసరం పడితే చూపిస్తాను.

ఎవరికీ చూపించని దానికి ఊరూ పేరూ ఎందుకు పిన్నీ అని గ్రేసు అడుగుతోంది. కేసు అన్నాక పేరుండాలి. రాయి.

గ్రేసు మా పక్క క్వార్టరు. ముప్ఫై ఏళ్ళు నర్సు పని చేసి మానేసింది. దానికి తెలుగు బైబిలు చదవడం వచ్చు, కాబట్టి తెలుగు రాయడమూ వచ్చు. మా ఇంట్లో కొడుకు యుగంధర్ చదివింది హిందీ, కోడలు లహరి చదివింది హిందీ. నాకు ఏదీ రాదు, పీడా లేదు. అందుకని ఈ పుస్తకం గ్రేసు ఇంట్లో బీరువాలో ఉంటుంది. ఎవరైనా తెరిచినా మా వాళ్ళు చదవలేరు. బ్యాంకు లాకరు కన్నా నయం.

గ్రేసు ఒక షరతు పెట్టింది. చెప్పింది చెప్పినట్టు రాస్తుందట, తర్వాత కొట్టెయ్యమంటే కొట్టెయ్యదట. ఆసుపత్రిలో రోగి కాగితం మీద కొట్టివేతలు ఉండకూడదని అలవాటయిపోయిందట. సరే అన్నాను. నా మాటలో కొట్టెయ్యాల్సింది ఏముంటుంది?

ఇప్పుడు సంగతి. మేం ఐదుగురం కలిసి నెలకో లాటరీ టిక్కెట్టు కొంటాం. నేను, గ్రేసు, మూడో లైనులో ఉండే అమూల్య, గూడ్సు గార్డు భీమారావు, ఆఖర్న అప్పలనరసమ్మ. ఆవిడ మా లహరి తల్లి, అంటే నా వియ్యపురాలు. ఆఖర్న అని కావాలనే చెప్పాను, అలాగే ఉంచు.

తలో ఇరవై, మొత్తం వంద. టిక్కెట్లు ఇక్కడ అమ్మరు. భీమారావు డ్యూటీ మీద మహారాష్ట్రలో గోందియా వెళ్ళినప్పుడు స్టేషను బయట కొని తెస్తాడు. నాలుగేళ్ళ నుంచి కొంటున్నాం. ఒక్కసారి రెండొందలు తగిలితే ఐదుగురం జిలేబీ తిన్నాం, అంతే.

టిక్కెట్టు రాగానే నా దగ్గరే ఉంటుంది. పింఛను కాగితాల కోసం కొనుక్కున్న సిరా డబ్బాలో బొటనవేలు అద్ది, టిక్కెట్టు వెనక ముద్ర వేస్తాను. ఎవరూ మార్చెయ్యకుండా. సంతకమైతే ఎవడైనా గీకుతాడు, నా వేలు ఎవడు గీకుతాడు? నాలుగేళ్ళూ అందరూ నవ్వారు. నిన్న ఐదు లక్షలు తగిలింది. వెనక ముద్ర ఎవరిదుంటే డబ్బు వాళ్ళ పేరునే వస్తుందట. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

సర్కారు లక్షన్నర కోసుకుంటుంది. మిగిలేది మూడున్నర లక్షలు. ఐదు వాటాలు. వాటాకి డెబ్భై వేలు. ఇంతవరకు తగాదా లేదు.

ఈ నెల డబ్బులెత్తిన రోజు అప్పలనరసమ్మ ఇక్కడ లేదు. తిల్దాలో పెద్ద కూతురింటికి పోయింది. భీమారావు బండి టైమైపోతోంది, డబ్బాలో ఎనభై ఉన్నాయి. ఆ తక్కువ ఇరవై నేనే వేశాను. నా ఇరవై, పైన ఇంకో ఇరవై. నలభై వేసినదానికి రెండు వాటాలా, ఒకటా? రెండు. లక్షా నలభై వేలు. రాయి.

గ్రేసు కలం ఆపింది. "ఆ రోజు నేనక్కడే ఉన్నాను పిన్నీ. 'ఇది మా వియ్యపురాలిది' అని చెప్పి డబ్బాలో వేశారు."

అన్నాను. మాట వరసకి అన్నాను. మాట వరసకి అన్నవన్నీ లెక్కలోకొస్తాయా?

"ఇదీ రాయనా?"

నా మాట మాత్రమే రాయమన్నాను. అదీ రాసింది.

నవంబరు 12, సోమవారం

నిన్న ఆదివారం, గ్రేసు చర్చికి పోయింది. కలం ముట్టదు. కొంపలంటుకున్నదీ నిన్ననే.

పొద్దున్నే అప్పలనరసమ్మ వచ్చింది, కొత్త చీర కట్టుకుని. గుమ్మంలోంచే మొదలెట్టింది.

"వదినా! మన తలరాత మారిపోనాది కదేటి! మనకి ఎంతొస్తాదంట?"

"మనకి కాదు వదినా, నాకు. నువ్వు డబ్బెయ్యలేదు కదా."

"ఎయ్యకపోడమేటి? నువ్వు ఏసినావు నా పేర్న. తిల్దా నుంచి రాగానే ఇవ్వలేదేటి నీకు?"

"ఇవ్వలేదు."

"ఇవ్వలేదా?"

"ఇవ్వలేదు."

ఇంకోసారీ అడిగింది, ఇంకోసారీ చెప్పాను, మొత్తం మూడుసార్లు. లోపల లహరి చేతిలో గరిటె కింద పడింది. అప్పలనరసమ్మ టీ సగం గ్లాసులోనే వదిలేసి లేచింది. తొమ్మిదేళ్ళ వియ్యంలో ఆవిడ మా ఇంట్లో టీ వదలడం ఇదే మొదలు. పంచదార తక్కువైతే అడిగి వేయించుకునే మనిషి.

నవంబరు 13

ఇవ్వలేదు. ఈ రోజుకి ఇంతే రాయి.

నవంబరు 15, గురువారం

ఇంత పట్టు ఎందుకు పిన్నీ అని గ్రేసు అడిగింది. ఎందుకో చెబుతాను, రాయి.

మా వరండాలో పదకొండేళ్ళుగా ఇడ్లీ అమ్ముతున్నాను. ఆయన పోయిన మూడో నెల మొదలుపెట్టాను. షాపు ఫస్టు షిఫ్టు వాళ్ళు గిన్నెలు పట్టుకుని వస్తారు. ఒకే పొయ్యి, ఒకే ఇడ్లీ పాత్ర. గారెలు వెయ్యాలంటే ఇడ్లీ దించాలి, ఇడ్లీ ఎక్కించాలంటే గారెలు ఆపాలి. పొద్దున నాలుగింటి నుంచి పదకొండు దాకా వంటిల్లు నాది. లహరి మొగుడికి డబ్బా కట్టాలంటే నా వెనక నిలబడుతుంది. పప్పు డబ్బా ఎక్కడుండాలో, పోపు డబ్బా ఎక్కడుండాలో, గిన్నె ఎటు తిప్పి బోర్లించాలో చెబుతాను, వింటుంది. నాకూ కోడలికీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ మాట తేడా రాలేదు. మాట్లాడేది నేనొక్కదాన్నే కాబట్టి.

భనపురిలో ప్రేమ్‌చంద్ అని, వెల్డింగు దుకాణం ఉంది. టిఫిన్ బండ్లు చేస్తాడు. ఈ రోజు యుగంధర్‌ని లాక్కుపోయాను. స్టీలు బండి, రెండు పొయ్యిలు, దోసెల పెనం, పైన రేకు కప్పు, నాలుగు టైర్లు. ముందు పలకమీద నా పేరు హిందీలో రాయిస్తాడట. నాకు చదవడం రాదు, కానీ చదివే వాళ్ళు చదువుతారు కదా. "అమ్మాజీ, లక్షా ముప్ఫై" అన్నాడు. ఒక్క రూపాయి తగ్గడు. గంటసేపు బేరమాడాను, చెమటలు పట్టాయి గానీ తగ్గలేదు.

ఒక వాటా వస్తే అరవై వేలు తక్కువ. రెండు వాటాలొస్తే పదివేలు మిగులు. దేవుడు లెక్క చూసే ఇచ్చాడు, అప్పలనరసమ్మ చూసుకోలేదు.

యుగంధర్ దారంతా ఒకటే గొణుగుడు. "ఈ వయసులో బండేంటమ్మా, ఇంట్లో కూర్చుని తినొచ్చు కదా." ఇంట్లో కూర్చుని తినడానికి నేనేమైనా రోగినా? షాపు గేటు ముందు నా బండి నిలబడాలి. మా ఆయన ముప్ఫై ఆరేళ్ళు ఆ గేటులోకి వెళ్ళి వచ్చాడు, ఒక్క రోజూ గేటు బయట ఏమీ కొనుక్కోలేదు. నేనున్నాను కదా, ఇంటికొచ్చి తినేవాడు.

ఇది రాయకు. రాసేశావా? సరే.

నవంబరు 20, మంగళవారం

ఓటు వెయ్యడానికి పోయాం. లైనులో నా ముందు ముగ్గురు, వాళ్ళ ముందు అప్పలనరసమ్మ. వెనక్కి తిరిగి కాలనీ అంతా వినేలా మొదలెట్టింది.

"కాలం సెడిపోనాది! సొంత వియ్యపురాలు కడుపు కొడతాదని కలగన్నానా!"

"కడుపు కొట్టేదాన్నైతే తొమ్మిదేళ్ళు ఊరగాయ జాడీలు ఎందుకు పంపుతాను?"

"ఉప్పెక్కువ జాడీలు!"

ఉప్పెక్కువట. నా ఊరగాయ. మా షాపు ఫోరుమను బదిలీ అయి పోయాక కూడా ఒడిశా నుంచి మనిషిని పంపి మరీ తెప్పించుకునేవాడు. పోలీసాయన వచ్చి "మాతాజీ, శాంతి శాంతి" అన్నాడు. అప్పటికే ఆవిడ లోపలికి పోయింది.

నా చూపుడు వేలికి ఓటు సిరా, బొటనవేలికి లాటరీ సిరా. రేపు లాటరీ కాగితాలు ముంబై పంపాలని యుగంధర్ మళ్ళీ మూడు ముద్రలు వేయించాడు. పాన్ కార్డట, బ్యాంకు ఫారమట. ఇంట్లో ఏ డబ్బా పట్టుకున్నా నల్ల మరకే.

నవంబరు 21, బుధవారం

గ్రేసు ఈ రోజు రాయనంది. ముందు తిల్దా నుంచి వచ్చిన రోజు ఏం జరిగిందో నిజంగా చెబితే రాస్తానంది. ఇదేం కలం, ఇదేం దబాయింపు! ఇంకెవరైనా రాసేవాళ్ళుంటే నీ మొహం చూసేదాన్ని కాదు అన్నాను. "ఎవరూ లేరు పిన్నీ" అంది.

సరే. దీపావళి మర్నాడు. లాటరీ తీయడానికి ముందు రోజు, గురువారం. సాయంత్రం అప్పలనరసమ్మ వచ్చింది. దీపావళి రాకెట్టు ఎవడిదో తగిలి ట్రాన్స్‌ఫార్మరు పేలి పొద్దున్నుంచీ కరెంటు లేదు. లహరి వంటింట్లో రుబ్బురోలు దగ్గర ఉంది. అప్పలనరసమ్మ తిల్దా నుంచి కొత్త బియ్యం నాలుగు కిలోలు తెచ్చింది, అరిసెలు తెచ్చింది. కూర్చుంది. టీ తాగింది. లేస్తూ కొంగు ముడి విప్పి ఇరవై రూపాయల నోటు చాపింది.

చాపింది. చాపడం వేరు, ఇవ్వడం వేరు.

"మరి తీసుకోలేదా?" అంది గ్రేసు.

ఎలా తీసుకుంటాను? వియ్యపురాలు గుమ్మంలో నిలబడి ఇరవై రూపాయలు చాపితే చెయ్యి చాపి తీసుకుంటారా ఎవరైనా? పిల్లనిచ్చిన మనిషి దగ్గర చిల్లర పుచ్చుకుంటే రేపు కాలనీలో తల ఎత్తుకోగలనా? "ఎందుకొదినా, ఎక్కడికి పోతాది, ఉంచు" అన్నాను. ఆవిడ మళ్ళీ చాపింది. నేను మళ్ళీ వద్దన్నాను. ఆవిడ నా కొంగులో కట్టబోయింది, నేను ఆవిడ చేతిలో కుక్కబోయాను. ఆఖరికి నేనే గెలిచాను. ఆవిడ నోటు మళ్ళీ ముడేసుకుని పోయింది.

కాబట్టి ఇవ్వలేదు. నోటు ఎవరి కొంగులో ఉంది? ఆవిడ కొంగులో.

గ్రేసు అంది, "టిక్కెట్టు తగలకపోయుంటే ఆ ఇరవై అడిగేవాళ్ళా?"

"అడిగేదాన్ని కాదు. వియ్యపురాలిని ఇరవై ఎవరడుగుతారు?"

"మరి?"

మరి లేదు గిరి లేదు. తగలకపోతే పోయేది నా ఇరవై కదా? పోవడం నాదైతే రావడం కూడా నాదే. ఇది రాయి. ఇది మంచి మాట. కింద గీత గియ్యి.

(గీత గీశాను. ఆ ఇరవై మాత్రం పిన్ని వద్దని తిప్పి పంపిందే. — గ్రేస్)

డిసెంబరు 10, సోమవారం

భీమారావు వచ్చాడు. డబ్బు రాగానే అందరం కూర్చుని పంచుకుందామన్నాడు. సాక్షులుంటే పిలవమన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. రెండుసార్లు నా వేలు వంక చూశాడు.

సాక్షి ఒక్కర్తే, లహరి. ఆ రోజు వంటింట్లో ఉంది. నాలుగడుగుల దూరం.

మధ్యాహ్నం లహరిని కూర్చోబెట్టి చెప్పాను. "అమ్మా, నిన్ను అబద్ధం చెప్పమనను. నేనలాంటిదాన్ని కాదు. ఆ రోజు నువ్వు మిక్సీ వేస్తున్నావు కదా, ఆ గోలలో నీకేమీ వినపడి ఉండదు. ఎవరడిగినా వినపడలేదని చెప్పు. అది నిజమే కదా?"

లహరి నా వంక చూసింది. "సరే అత్తయ్యా, మిక్సీ" అంది.

గ్రేసు: "మిక్సీయా పిన్నీ?"

మిక్సీయే. రాయి. నీకెందుకు?

డిసెంబరు 24

గ్రేసు కేకు పంపింది. అప్పలనరసమ్మకీ పంపిందట. పెద్ద ముక్క ఎవరికో అడగలేదు.

2019 జనవరి 3, గురువారం

అమూల్య దేవేంద్ర నగర్‌లో బ్యూటీ పార్లరు పెట్టుకుంది. దాన్ని నా వైపు తిప్పుకుందామని కనుబొమలు తీయించుకోవడానికి పోయాను. డెబ్భై మూడేళ్ళలో మొదటిసారి. ప్రాణం పోయింది. దారంతో పీకుతూ అంటుంది కదా, "ఆంటీ, నాకు డెబ్భై వస్తే చాలు, మిగతాది మీ ఇద్దరూ తేల్చుకోండి. నేను ఎవరి సైడూ కాదు." ఆ మాట పీకడానికి ముందే చెప్పొచ్చు కదా.

ఇంటికొస్తే యుగంధర్ "అమ్మా, ఎందుకలా ఆశ్చర్యంగా చూస్తున్నావు?" అన్నాడు.

ఫిబ్రవరి 4, సోమవారం

వచ్చింది. మూడు లక్షల యాభై వేలు. నా పింఛను ఖాతాలో. బ్యాంకులో అమ్మాయి మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ సున్నాలు లెక్కపెట్టి చూపించమన్నాను. ఏది సున్నాయో నాకు తెలుసు. గుండ్రంగా ఉంటుంది.

కావాలంటే మొత్తం నేనే ఉంచుకోవచ్చట. టిక్కెట్టు నాది, వేలు నాది, ఖాతా నాది, చట్టం ప్రకారం అడిగేవాడు లేడని యుగంధర్ స్నేహితుడు సందీప్ చెప్పాడు. వకీలు దగ్గర పనిచేస్తాడు. చెంప పగలగొడతానన్నాను. నేను దొంగనా? నాకు న్యాయంగా రావలసిన రెండు వాటాలు చాలు.

ఫిబ్రవరి 9, శనివారం

ఇప్పుడే వచ్చాం. నీ చెయ్యి నొప్పి పుట్టినా సరే, అంతా రాయి. నువ్వు అక్కడే ఉన్నావు, అయినా రాయి.

భీమారావు తన వరండాలో కుర్చీలు వేశాడు. అందరం వచ్చాం. అప్పలనరసమ్మ మొగుణ్ణీ, తమ్ముడు అప్పారావునీ తెచ్చింది, నేను యుగంధర్‌నీ, లహరినీ తెచ్చాను. యుగంధర్ అత్తగారి పక్క కుర్చీ ఖాళీగా ఉంటే వెళ్ళి అక్కడ కూర్చున్నాడు. ఇలాంటి కొడుకుని కన్నాను.

నా వాదన నేను చెప్పాను. బాగా చెప్పాను. పోవడం నాదైతే రావడమూ నాదే అన్నప్పుడు అప్పారావు కూడా తలాడించాడు, వాళ్ళక్క కాలు తొక్కితే ఆపేశాడు.

అప్పలనరసమ్మ లేచింది. "నేను ఇరవై చాపినాను. ఈవిడే వద్దంది. ఆ రోజు మా లహరి లోపలే ఉంది, అడగండి."

భీమారావు లహరిని పిలిచాడు. "చెప్పమ్మా, మీ అమ్మ డబ్బివ్వబోతే మీ అత్త వద్దందా?"

లహరి మధ్యలో నిలబడింది. నా వంక చూడలేదు, తల్లి వంక చూడలేదు. "నాకు తెలీదు భీమారావు మావయ్యా. నేను మిక్సీ వేస్తున్నాను. ఆ గోలలో ఏమీ వినపడలేదు."

అంతే. గెలిచేశాను. లక్షా నలభై.

అప్పుడు అప్పలనరసమ్మ వంక చూశాను. ఎందుకు చూశానో తెలీదు. చూడకుండా ఉండాల్సింది. అరుస్తుందనుకున్నాను. ఓట్ల లైనులో అంత అరిచింది, ఇక్కడ కప్పు ఎగిరిపోతుందనుకున్నాను, నేనూ నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. అరవలేదు. కూతురి మొహం వంక కాసేపు చూసింది. కొంగు సర్దుకుంది. "సరేలెండి. నా కూతురు సెప్పిందంటే అంతే. రాసీండి" అంది చిన్నగా. పక్కన మొగుడు ఏదో అనబోతే, "ఊరుకో, అది ఆ ఇంట్లో బతకాల" అంది.

ఆ ఇంట్లో బతకాల. అంటే మా ఇంట్లో.

భీమారావు కాగితం మీద రాయబోతున్నాడు. నేనేం చేశానో నాకే తెలీదు, కుర్చీలోంచి లేచిపోయాను.

"మిక్సీ ఎలా తిరుగుతాదే! పొద్దున్నుంచీ కరెంటు లేదు కదే ఆ రోజు! ట్రాన్స్‌ఫార్మరు పేలిపోతే ఈ భీమారావే కాదేటి లైన్‌మాన్‌కి ఫోను చేసింది! రుబ్బురోలు దగ్గర చేతులు నొప్పని గొణుక్కుంటూ కూర్చున్నావు! అన్నీ విన్నావు! తల్లి మీద అబద్ధం చెబితే చెప్పావు, కరెంటున్నదో లేదో చూసుకోనక్కర్లేదేటే!"

అమూల్య "ఆంటీ, మిక్సీ సంగతి..." అని ఆగిపోయింది. గ్రేసు రుమాలు నోట్లో కుక్కుకుంది, నేను చూశాను.

భీమారావు అడిగాడు. "అంటే పైడమ్మ పిన్నీ, ఆవిడ డబ్బిచ్చిందంటావా?"

"చాపింది. నేను వద్దన్నాను. రెండుసార్లు వద్దన్నాను. ఐదు వాటాలు. రాసుకో."

వేలు చాపాను. ముద్ర వేశాను.

ఫిబ్రవరి 11, సోమవారం

పంచేశాను. ఐదు కట్టలు. బ్యాంకు నుంచి గ్రేసు తోడొచ్చింది.

నేను కట్ట చాపితే అప్పలనరసమ్మ తీసుకుంది. వద్దనలేదు. ఒక్కసారి వద్దనలేదు! ఒకసారైనా "ఎందుకొదినా, ఉంచు" అనాలి కదా, మర్యాదకైనా? నేను ఉంచేసుకోనులే, అయినా అనాలి కదా? వేలు తడి చేసుకుని రెండుసార్లు లెక్కపెట్టింది. నా ఎదురుగా. ఇరవై రూపాయలకి నేను వద్దన్నాను, డెబ్భై వేలకి ఆవిడ అనలేదు. ఎవరిది పెద్ద మనసో దేవుడికి తెలుసు. కింద గీత గియ్యి.

ఇంటికొచ్చాక లహరిని అడిగాను. తల్లిని కాదని నాకోసం ఎందుకే అబద్ధం చెప్పావు?

"మీకు బండి రావాలని అత్తయ్యా" అంది.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రాయి. తొమ్మిదేళ్ళు నా వెనక నిలబడి ఏమీ మాట్లాడని పిల్ల, మనసులో ఇంత ప్రేమ పెట్టుకుంది. నేను కనిపెట్టలేకపోయాను.

గ్రేసు కలం ఆపేసి నా వంక అదోలా చూసింది. ఎందుకో చెప్పదు.

ఫిబ్రవరి 13

బండి లేదు. అరవై వేలు తక్కువ. ప్రేమ్‌చంద్‌కి యుగంధర్ చేత ఫోను చేయించి వద్దని చెప్పించాను. వాడు "కోయీ బాత్ నహీ అమ్మాజీ", పర్లేదు అన్నాడట. వాడికేం.

ఈ పూట ఇడ్లీ గట్టిపడ్డాయి. ఎవరూ అనలేదు, నాకే తెలుసు.

ఫిబ్రవరి 18, సోమవారం

నిన్న నీ ఆదివారం. ఎప్పుడూ నీ ఆదివారమే జరుగుతాయి అన్నీ.

సాయంత్రం అప్పలనరసమ్మ వచ్చింది. వెనక లహరి. వచ్చీ రాగానే నా మంచం మీద డబ్బు కట్ట పెట్టింది. అరవై వేలు.

"ఏంటిది వదినా?"

"బండి కొనుక్కో. అప్పే సుమా. నెలకి రెండు వేలు తిరిగిచ్చీ. వడ్డీ వద్దు."

నోట మాట రాలేదు నాకు. నాకు! పద్ధతి ప్రకారం వద్దన్నాను. ఆవిడ వెంటనే "మాటాడకు, తీసుకో" అంది. రెండోసారి వద్దనే సందు కూడా ఇవ్వలేదు.

"ఒక్కటే షరతు. ఆదివారం కూడా బండి తియ్యాల."

"ఆదివారం షాపు మూసేస్తారు వదినా, ఎవడు తింటాడు?"

"స్టేషన్ కాడ పెట్టు. రైళ్ళకి ఆదివారం లేదు కదా. పండగలకీ తియ్యాల. పొద్దున్న సాయంత్రం కూడా."

చూడు, ఎంత తెలివి! చదువుకోలేదు గానీ వ్యాపారం తెలుసు ఆవిడకి. ఇన్నాళ్ళూ నేను తక్కువ చేశాను.

అప్పుడు లహరి మాట్లాడింది. ఆ పిల్ల అంత పెద్ద మాట మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "పిండి రుబ్బడం, పచ్చడి చెయ్యడం అన్నీ బండి దగ్గరే చేసుకోవచ్చు అత్తయ్యా. మళ్ళీ ఇంట్లో ఎందుకు, మీకు రెండు చోట్ల పనవుతుంది. బండి కింద పెద్ద అర ఉంటుంది. పప్పు డబ్బా, పోపు డబ్బా, బియ్యం డబ్బా, మీ గిన్నెలు, గరిటెలు, చెక్క పీట, అన్నీ పడతాయి. నేను నిన్న మధ్యాహ్నం ప్రేమ్‌చంద్ దుకాణానికి పోయి టేపు పెట్టి కొలిచి వచ్చాను."

తల్లి అంది, "తాళం కూడా ఏయించు. రోజూ ఇంటికి మొయ్యకుండా."

"వేయించానమ్మా. చెప్పేశాను."

ఒకరి మాట ఒకరు అందుకుంటున్నారు. వాళ్ళిద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. లహరి అప్పుడే వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దడం మొదలెట్టింది. నేను చెప్పిన చోట కాదు, వేరే చోట. తొందరలో మర్చిపోయి ఉంటుంది. నేనేమీ అనలేదు, సంతోషంలో ఉన్నాను.

చూశావా గ్రేసూ, నా చేతి ఇడ్లీ మీద ఆ తల్లీకూతుళ్ళకి ఎంత నమ్మకమో. ఎందుకే నవ్వుతావు? కలం సరిగ్గా పట్టుకో, అక్షరాలు వంకర పోతున్నాయి. నవ్వడానికేముంది ఇందులో? ఎండలో ఆటో ఎక్కి భనపురి దాకా పోయి, అర కొలిచి మరీ వచ్చిందంటే నమ్మకం కాకపోతే మరేమిటి?